పిక్కిలి మోరిస్‌కు మోనిష కట్టిన ధర

పిక్కిలి ఊళ్లో మునివెంకటమ్మ కొట్టంలో పాత మోరిస్ మైనర్ కారు ఒకటి పడి ఉందనీ, ఆమె దాన్ని అమ్మేయాలని చూస్తోందనీ తెలిసినప్పటినుంచి మోనిషకు వేరే ధ్యాస లేదు.

నల్లంపల్లి దగ్గర హైవే పక్కన వాళ్ల నాయన గోపాలప్పకు టింకరింగు షెడ్డు ఉంది. ఆయన చేతులు వణకడం మొదలైనాక సుత్తి, వెల్డింగు అన్నీ మోనిష చేతికే వచ్చినాయి. లారీ తలుపులు, వ్యాన్ల బంపర్లు, ఎవరో గుద్దిన సొట్టలు తీసి పంపేయడమే పని. ఒక్క బండినైనా మొదటినుంచి చివరిదాకా తన చేత్తో లేపి నిలబెట్టాలని ఆమె పంతం.

ఆదివారం పొద్దున ఇద్దరూ పిక్కిలికి పోయినారు. మునివెంకటమ్మకు డెబ్బై దాటినా నడుము వంగలేదు. కొట్టం తలుపు తానే లాగి, "చూసుకోండి. కోళ్లను మాత్రం బెదరగొట్టొద్దు" అనింది.

వెనక సీటులో రెండు కోళ్లు పొదుగుతూ ఉన్నాయి. కారు మీద నీలం రంగు అక్కడక్కడా పొట్టు లేచిపోయింది. దీపాలు, ముందరి క్రోము జాలీ, తలుపులు అన్నీ దాని పుట్టుకతో వచ్చినవే. మోనిష నేలమీద పడుకుని కారు కిందికి దూరింది. స్క్రూడ్రైవరుతో పొడిస్తే అడుగు రేకు అప్పడంలా విరిగింది. తలుపుల కింది రేకూ అంతే. బయటికి వచ్చి ప్లగ్గులు ఊడదీసి, ఆ రంధ్రాల్లో ఆయిలు పోసి, కాసేపు ఆగింది. తర్వాత ముందువైపు ఇంజను తిప్పే ఇనప కమ్మీ దూర్చి రెండు చేతులా బలం పెట్టి తిప్పింది. మొదట కదల్లేదు. మళ్లీ తిప్పింది. లోపల ఏదో మూలిగినట్టయి, ఇంజను తిరిగింది.

గోపాలప్ప కూతురికేసి చూసి కళ్లతోనే, చెప్పొద్దు అన్నాడు.

"ఇంజను పట్టుకుపోలేదు అవ్వా, తిరుగుతాంది," అనింది మోనిష. "కింద రేకు మాత్రం మొత్తం పోయింది. రా, చూపిస్తాను."

ముసలామె వంగి, తన వేలుతోనే ఒక చోట నొక్కి చూసి, "అవును, పోయింది," అని ఒప్పుకుంది. "మీరు మాట్లాడుకుని ధర చెప్పండి."

తండ్రీకూతుళ్లు వాకిలి బయటికి వచ్చి తమ వ్యాను పక్కన నిలబడినారు.

"బాగుచేసిన మోరిస్ అయిదు లక్షలదాకా పలుకుతుంది నైనా. రేకు, టైర్లు, సీట్లు, వైరింగు, రంగు అన్నీ కలిపి రెండున్నర. ట్రక్కు బాడుగ అయిదు వేలు. నా కూలి లక్షన్నర."

"నీ కూలా? సొంత బండికి కూలి ఎవరన్నా లెక్క పెడతారా?"

"నెలల తరబడి దీనిమీదే పని చేస్తాను గదా. అన్ని నెలలూ తిండి తినొద్దా?"

"నేను ముప్పై ఏండ్లు చేసినాను. ఒక్కనాడు నా కూలి అని వేరే తీయలేదు."

"తీయలేదు. అందుకే నీ కంటి ఆపరేషనుకు అమ్మ గాజులు కుదవ పెట్టినాము."

కటువుగా అనేశానని మోనిషకు తెలుసు. అయినా మాటను వెనక్కి తీసుకోలేదు. అది నిజం కాబట్టి.

లోపలికి వచ్చి, "తొంభై అయిదు వేలు అవ్వా," అనింది.

మునివెంకటమ్మ నవ్వింది. "సేలం బ్రోకర్ వరదరాజన్ ఫోటో చూసే లక్షా నలభై అన్నాడు."

"ఆయన దీన్ని విప్పి ముక్కలుగా అమ్ముకుంటాడు. నేనైతే రోడ్డుమీద నడిపిస్తాను."

"ముక్కలు చేస్తే నాకేమి పాపా? మా మామ దీన్ని పెండ్లిండ్లకు బాడుగకు తిప్పినాడు. ఆయనా పోయినాడు, నా మొగుడూ పోయినాడు. నాకిప్పుడు బోరు వేయాల. మరవళ్లి దుంపల చేను చూస్తివి గదా, ఎట్ల ఎండుతాందో."

పాత కారంటే ఆ ఇంటివాళ్లకు మమకారం ఉంటుందని, ఆ మాటకు ముసలామె కరుగుతుందని మోనిష దారి పొడుగునా అనుకుంటూ వచ్చింది.

"ఇంకో ఇరవై వెయ్యమ్మా," అన్నాడు గోపాలప్ప కూతురితో మెల్లిగా.

"తొంభై అయిదే. అంతకు మించితే నేను ఊరికే పని చేసినట్టు."

ముసలామె ఆమెను తేరిపార చూసింది. "మరవళ్లి గడ్డకు సగ్గుబియ్యం మిల్లువాడు ధర కట్టేటప్పుడు నా కూలి ఏనాడూ కలపలేదు. నువ్వన్నా నీది కలుపుకో, మంచిదే. కారు మాత్రం సేలం వాడికే."

ఆ తర్వాతి రోజుల్లో మోనిష సుత్తి దెబ్బలు హైవే దాకా వినిపించినాయి. రెండుసార్లు ఫోను తీసి, లక్షా ఇరవై అని చెబుదామా అనుకుంది. ఎక్కడ తగ్గించుకోవచ్చునో మళ్లీ మళ్లీ చూసుకుంది. టైర్లు తగ్గవు. రేకు తగ్గదు. రంగులో తగ్గిస్తే బండి విలువే తగ్గుతుంది. ప్రతిసారీ కోతకు మిగిలేది తన కూలి ఒక్కటే. ఫోను పక్కన పెట్టేసి పనిలోకి పోయింది. ఎక్కడైనా ఇంకొక బండి దొరుకుతుంది అనుకుంది గానీ, కమ్మీ తిప్పినప్పుడు చేతికి తగిలిన ఆ కదలిక మరుపు రాలేదు.

ఒక గురువారం పొద్దున మునివెంకటమ్మే ఫోను చేసింది. గొంతులో కోపం బుసలు కొడుతోంది.

"పాపా, ఆ వరదరాజన్ లారీ తెచ్చినాడు. కారుకు తాడు కూడా కట్టేసి, అప్పుడు చెప్తాడు, కింద రేకు పోయింది, అరవైకి మించి ఇవ్వను అని. లారీ బాడుగ కూడా నా నెత్తిన వేస్తాడంట. తాడు విప్పించినాను. నువ్వు వస్తావా?"

"వస్తాండాను అవ్వా."

గోపాలప్ప చొక్కా తొడుక్కుంటూ, "డెబ్బై అను. ఆమెకు ఇంకో దారి లేదు," అన్నాడు.

"తొంభై అయిదు అని నేను వరదరాజన్‌ని చూసి చెప్పలేదు నైనా, కారును చూసి చెప్పినాను. కారు మారలేదు గదా."

బండి ఎక్కించే ట్రక్కువాడికి గోపాలప్పే ఫోను చేసినాడు.

వీళ్లు పోయేసరికి వరదరాజన్ ఇంకా అక్కడే ఉన్నాడు. లారీ మెట్టుమీద కూర్చుని, తన మాటకు ముసలామె దిగొస్తుందని కాచుకున్నాడు. మోనిష ధర విని నవ్వుతూ తమిళంలో అన్నాడు, "ఈ తుప్పుకు తొంభై అయిదా? సరే, ముందరి క్రోము, దీపాలు నాకిచ్చెయ్. నలభై ఇస్తాను. నీకూ భారం తగ్గుతుంది."

నలభై అంటే చిన్న మాట కాదు. మోనిష ఒక్క క్షణం కారు ముఖంకేసి చూసింది. "అవి లేకపోతే అది మోరిస్ కాదు," అని, డబ్బు మునివెంకటమ్మ చేతిలో పెట్టింది.

"వాడు అరవైకి దిగినాక నువ్వు కూడా తగ్గించి ఉండొచ్చు గదా. ఎందుకు తగ్గించలేదు?" అని అడిగింది ముసలామె.

"వాడు లక్షా నలభై అన్నప్పుడు నేను పెంచలేదు గదా అవ్వా."

మునివెంకటమ్మ ఆ డబ్బును కొంగులో కట్టుకుని, లోపలికి పోయి కోళ్లను తానే ఎత్తి గంప కింద పెట్టింది. వరదరాజన్ లారీ ఖాళీగా వెనక్కి తిరిగింది.

ట్రక్కు గొలుసు బిగిసినప్పుడు కారు టైర్లు మట్టిలో ఇరుక్కుని రాలేదు. ముసలామెతో సహా అందరూ వెనకనుంచి తోసినారు. గోపాలప్ప స్టీరింగు పట్టుకుని, "ఇంకొంచెం, ఇంకొంచెం," అని అరుస్తూ ఉంటే, కారు కొట్టం గడప దాటి ఎండలోకి వచ్చింది.

నల్లంపల్లి చేరేసరికి మధ్యాహ్నమైంది. షెడ్డులోని లారీ తలుపులను ఒక పక్కకు జరిపి మోరిస్‌కు చోటు చేసినారు. "అన్నం తిని మొదలుపెడదాం," అన్నాడు గోపాలప్ప. అప్పటికే మోనిష సీట్లు ఊడదీసి బయట పెట్టి, అడుగు రేకు ఎక్కడిదాకా కోయాలో సుద్దతో గీత గీస్తోంది.