మందు వెయ్యని నీళ్ళు

పెద్ద వరద వచ్చి వంతెనను ఎత్తుకుపోయిన ఏడాది అది. వరద తీసింది, కలరా మిగిలింది.

ఊరి నూతులకు మందు వేసే అతను ఆ పొద్దున బజారు వెనక నూతి దగ్గర బకెట్టులో బ్లీచింగ్ పొడి కలుపుతున్నాడు. సున్నం అడుగుకు దిగేదాకా ఆగి, పైతేటను వేరే బకెట్టులోకి వంచి, తాడు కట్టి నూతిలోకి వదిలాడు. నీళ్ళలో పైకీ కిందికీ ఆడించాడు. మోచేతుల దాకా అతని చర్మం తెల్లబారి పగుళ్ళు తీసింది. అందుకే అందరూ అతన్ని సున్నం అనేవారు.

"నీ పుణ్యమా అని మా కూర కూడా ఆసుపత్రి వాసనే, సున్నం," అంది బిందెతో నిలబడ్డ ఒకావిడ.

"వాసన కొట్టనీ అమ్మా. కాసేపాగి తోడుకో."

అంతకు మించి మాట్లాడే మనిషి కాదు. ఇంట్లో ఉన్నది అక్క ఒక్కతే. తల్లి పోయాక చంకనేసుకుని పెంచింది. ఆమెను ఈ రోగం తాకకూడదన్నదే అతని ధ్యాస. తమ వీధి నూతికి రోజూ తప్పకుండా మందు వేసేవాడు. ఆ ఘాటుకు అతని ముక్కు ఎప్పుడో చచ్చిపోయింది. ఏం తిన్నా, ఏం తాగినా ఒకటే.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి అక్క గోడవైపు ముడుచుకుని పడి ఉంది. కళ్ళు గుంటలు పడ్డాయి. పొద్దుటి నుంచీ వాంతులు, విరేచనాలు. పక్కింటాయన ఆసుపత్రి బండి కోసం పరిగెత్తాడు. ఆమె నోట్లో పొయ్యాలని అతను కుండలో గ్లాసు ముంచాడు. ఆమె చెయ్యి అడ్డుపెట్టింది.

"నాకొద్దు. నీకోసం ఉంచినవిరా అవి."

ఎక్కడివని అడిగాడు. అతను మందు వెయ్యకముందే, తెల్లవారుతూనే, రోజూ ఒక బిందె తోడి దాస్తోందట.

"రోజంతా ఆ విషమే పీలుస్తావు. ఇంటికొచ్చాకైనా మంచినీళ్ళు తాగుతావని."

ఇన్నాళ్ళూ ఇద్దరూ ఆ కుండలోవే తాగారు. రోగం ఆమెనే పట్టుకుంది. అతను గ్లాసు కింద పెట్టాడు.

"రోజూ తాగావుగా, తియ్యగా ఉన్నాయా నాయనా?"

"ఉన్నాయక్కా."

బండి వీధి మలుపు తిరిగేసరికి ఆమె చెయ్యి అతని చేతిలోనే చల్లబడింది.

మర్నాడు పొద్దున బకెట్లు తీసుకుని అన్నిటికన్నా ముందు తమ వీధి నూతికే వెళ్ళాడు. ఎవరూ రాకముందే మందు కలిపి, గట్టుకు ఆనుకుని కూర్చున్నాడు. ఆడవాళ్ళు బిందెలు కింద పెట్టి, అతను లేచేదాకా నిలబడ్డారు. గట్టు చివర, తలకూ బిందెకూ మధ్య పెట్టుకునే అక్క గుడ్డచుట్ట, మంచుకు తడిసి, ఆమె నడినెత్తికి సరిపడా గుండ్రంగా ఉంది.