వినిపించని అడుగు

1983 ఫిబ్రవరి 13, ఆదివారం. మధ్యాహ్నం పన్నెండు నలభైకి, ఉరాల్ ప్రాంతంలోని ఒక ఒపేరా, బ్యాలే థియేటర్‌లో యాభై ఇద్దరు వాద్యకారులు తమను నడిపించే కండక్టర్ చేతిని వదిలేసి మొదటి వయొలిన్ కమానును చూసి వాయించారు. ఒక్క స్వరమే.

కండక్టర్ పేరు ప్రోఖర్ సవేల్యెవిచ్. అందరూ సవేలిచ్ అంటారు. అరవై ఒక్క ఏళ్లు. ఇరవై తొమ్మిదేళ్లుగా రెండో కండక్టరే. ఒపేరాలు పెద్ద కండక్టర్‌వి. బ్యాలేలు, పిల్లల పగటి ప్రదర్శనలు ఇతనివి. బ్యాలేలో నర్తకి గాల్లోంచి దిగి కాలు మోపిన క్షణానే కండక్టర్ చెయ్యి దిగాలి, దానితో వాద్యాలు పలకాలి. ముందు దిగితే ఆమె తొందరపడి పడుతుంది. సవేలిచ్ ఇన్నేళ్లూ కాళ్లు చూసే బతికాడు.

రెండేళ్లుగా ఆ కాళ్లు కనిపించడం లేదు. వెలుగులో తెల్లటి మసక కదులుతుంది, అంతే. చెవితో నెట్టుకొస్తున్నాడు. ప్రధాన నర్తకి లిదియా జోళ్లు చెక్క నేల మీద టక్కుమంటాయి. ఆ చప్పుడు చాలు. ఈ సంగతి తెలిసింది మొదటి వయొలిన్ వాయించే రైసా మకారొవ్నా ఒక్కతికే.

ఆ ఉదయం లిదియాకు జ్వరం. ఆమె బదులు పందొమ్మిదేళ్ల వేరా. పదకొండింటికి మెట్ల దగ్గర కూర్చుని కొత్త జోళ్ల ముక్కులను సుత్తితో మెత్తబరుస్తోంది.

"కొట్టింది చాలమ్మా. కాస్త చప్పుడు ఉండనీ," అన్నాడు సవేలిచ్.

"అయ్యో, పిల్లి అడుగని మా టీచర్ మెచ్చుకునేది ఇందుకే కదండీ! మూడో గెంతులో నేను గాల్లో కాస్త ఎక్కువసేపు ఉంటా. దిగాకే చెయ్యి దించండి, ఏం? పోయినేడు ఈ మడమే విరిగింది."

"దిగాకే," అన్నాడు.

రైసా అతన్ని పక్కకు లాగింది. "డైరెక్టర్‌కి చెప్పెయ్యి."

"చెప్తే?"

"ఇంటికెళ్తావు. పిల్ల కాలు దక్కుతుంది."

"ఇంట్లో ఏముంది రైసా? రేడియో, టీ కెటిల్. రెండూ నా మాట వినవు."

"మేం మాత్రం వింటున్నామా, ముసలోడా!" అంది. నవ్వింది గానీ చెయ్యి వదల్లేదు.

మూడో గెంతు వచ్చింది. మసక పైకి లేచింది. సవేలిచ్ చెయ్యెత్తి విన్నాడు. నేల పలకలేదు. బాల్కనీలో పిల్లలు చప్పట్లు కొట్టారు. చెయ్యి పైనే ఉండిపోయింది. వేరా కాలు మోపిన క్షణంలో, స్టేజీనే చూస్తున్న రైసా కమాను దించింది. అందరూ ఆమె వెంటే స్వరం అందుకున్నారు. వేరా తూలలేదు. అంకం ముగిసేదాకా సవేలిచ్ చెయ్యి రైసా వయొలిన్ వెనకాలే నడిచింది.

విరామంలో డైరెక్టర్ గదికి వెళ్లి నిలబడే చెప్పాడు.

"నాకు స్టేజీ కనిపించదు. రెండో అంకానికి ఇంకొకరిని పంపండి."

"ఎప్పట్నుంచి?"

"రెండేళ్లు."

"రెండేళ్లా! ఆడపిల్లల కాళ్లతో ఆడుకున్నావా సవేలిచ్?"

అతను తలుపు దగ్గరగా వేసి బయటికొచ్చాడు. కిందికొచ్చి తన గదిలో కూర్చున్నాడు. రెండో అంకం సంగీతం గోడకున్న స్పీకర్లో వస్తోంది. దాన్ని ఆపలేదు.

రెండుంబావుకు రైసా తలుపు తోసింది. "పిల్ల కాలు బాగానే ఉంది," అంది. అతను కుర్చీలోనే ఉన్నాడు, గడ్డం ఛాతీకి ఆనించి. భుజం తట్టింది. తరవాత మణికట్టు పట్టుకుని చూసింది.

గుండె ఆగిందని, గంట లోపే జరిగిందని డాక్టర్ రాశాడు. సాయంత్రం శవాన్ని తీసుకెళ్లారు. ప్రదర్శనకు వేసుకున్న నల్ల తోలు బూట్లతోనే తీసుకెళ్లారు. వీధిలో వేసుకొచ్చిన ఉన్ని బూట్లు హీటర్ కింద ఉండిపోయాయి. వాటి చుట్టూ కరిగిన మంచు ఆరి, చెక్క మీద తెల్లటి గీత పడింది.