ఆ గోడ మీది మనిషి పేరు జీవరత్నమ్మ

శుక్రవారం లోపు చేయవలసినవి:

కాగితం మీద పెద్దమ్మ సంతకం. కుదరకపోతే వేలిముద్ర.
వీడియో, మూడు నిమిషాలు. కట్టెల పొయ్యి, మట్టి దాక కనబడాలి. గ్యాస్ బండ కనబడకూడదు.
నేత చీర. నైటీ వద్దు.
నుదుట బొట్టు, కొంచెం పెద్దది.
కూర అరచేతిలో వేసుకుని, రుచి చూసి, నవ్వాలి.
పేరు అడిగితే అన్నపూర్ణమ్మ అని చెప్పాలి.

ఈ ఆరూ సుహాసిని ఫోన్‌కి పంపించినవాడు హైదరాబాదులో ఆమె పై అధికారి తారకేశ్వరరావు. వాటి కింద ఏడోది ఆమె తనకు తానే రాసుకుంది: పెద్దమ్మకి నిజం చెప్పాలి.

సుహాసిని వాళ్లది టెక్కలి. వాళ్లింట్లో డిగ్రీ పట్టా చేత్తో పట్టుకున్న మొదటి మనిషి ఆమే. నగరంలో అసలైన ఊరి భోజనం దొరికే ఇరవై హోటళ్లను వెతికి, జాబితా చేసి జనానికి చెప్పే కంపెనీలో ఉద్యోగం. చేరి తొమ్మిది నెలలు, ఇంకా పర్మనెంటు కాలేదు. ఉత్తరాంధ్ర వంట వెతికే పని ఆమెకు అప్పజెప్పారు. తొమ్మిది హోటళ్లలో తిని, తొమ్మిదింటికీ ‘కాదు’ అని రాసి ఇచ్చింది. పదోది ‘ఉద్దానం వంటిల్లు’. పైకప్పుకి వల వేలాడదీసి, ఆ వలలో ప్లాస్టిక్ పీతలు పెట్టారు. గోడ మీద మనిషి ఎత్తున ఒక ముసలామె ఫొటో. కింద పెద్ద అక్షరాలతో ‘మా అన్నపూర్ణమ్మ గారి చేతి రుచి’.

ఆ ఫొటోలో ఉన్నది సుహాసిని పెద్దమ్మ జీవరత్నమ్మ. వాళ్లది టెక్కలి బాప్టిస్టు సంఘం. పెద్దమ్మ పుట్టాక ఎన్నడూ ఎరగని రూపాయి కాసంత బొట్టు ఆ నుదుటి మీద ఉంది.

ఆ ఫొటో ఎక్కడినుంచి వచ్చిందో సుహాసినికి బాగా తెలుసు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, మీ ఊరి మనుషుల ఫొటోలు ఉంటే ఇవ్వమని ఆఫీసులో అడిగారు. మిగతావాళ్లు ఒకటీ రెండూ ఇస్తే ఈమె పన్నెండు ఇచ్చింది. ‘అనుమతి ఉందా?’ అన్న చోట ‘ఉంది’ అని టిక్కు పెట్టింది. అడగలేదు. పెద్దమ్మే కదా, ఏమంటుంది అనుకుంది. వాటిలో ఒకటి ఆఫీసు ఈ హోటలుకి ఇచ్చింది. ఆ రోజు ఆ గోడ కింద కూర్చుని, తెచ్చిపెట్టిన మామిడికాయ నెత్తళ్ల చేపల కూర తినలేక, లేచి చెప్పలేక, నీళ్లు తాగి వచ్చేసింది. ఆ హోటలు జాబితాకెక్కింది, ఫొటోకి తోడు పెద్దమ్మ వీడియో, సంతకం కూడా కావాలని తారకేశ్వరరావు ఆ ఆరు పనులూ పంపించాడు.

తారకేశ్వరరావు చెడ్డవాడేం కాదు. వాళ్ల తాతగారిది శ్రీకాకుళం. ఊరంటే బెంగ ఉన్న మనిషి. కాకపోతే ఆ బెంగలో ఉన్న ఊళ్లో గ్యాస్ బండలు లేవు.

పలాసలో రైలు దిగి, పెళ్లి వీడియోలు తీసే బాబీ బండెక్కి, టెక్కలి మీదుగా ఆమె భావనపాడు చేరేసరికి ఉదయం పది దాటింది. పడవలు ఒడ్డుకొచ్చి ఉన్నాయి. రేవుకి ఇవతల రేకుల షెడ్డు, అదే జీవరత్నమ్మ హోటలు. బోర్డు లేదు. నీలం ప్లాస్టిక్ కుర్చీలు, రెండు గ్యాస్ పొయ్యిలు, నల్లబడిన స్టీలు గుండిగలు. పూల నైటీ మీద భుజాన తువ్వాలు వేసుకుని పెద్దమ్మ గరిటె తిప్పుతోంది.

“ఒచ్చీసినావేటే గుంటా! రైల్లో ఏటైనా తిన్నావా నేదా? ఈ బావు ఎవులు?”

“పలాస, అప్పా. పెళ్లి వీడియోలు తీత్తాను,” అన్నాడు బాబీ, అక్కని పిలిచే ఆ వైపు పిలుపుతో.

“ఇక్కడెవుల్దిరా పెళ్లి?”

అప్పటికే పది పన్నెండు మంది వేటగాళ్లు కంచాల ముందు కూర్చున్నారు. అన్నం మీద కూర పడింది గానీ ఎవరూ చెయ్యి పెట్టలేదు. అందరూ పడవ యజమాని జోగారావు వైపు చూస్తున్నారు. ముందొచ్చి కూర్చున్నవాడు ఆయనే. ఒక ముద్ద నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని నమిలాడు.

“సరిపోనాది,” అన్నాడు.

అప్పుడు అందరి చేతులూ కదిలాయి.

నాలుగేళ్లుగా ఈ హోటల్లో ఇదే పద్ధతి. నాలుగేళ్ల కిందట పలాస ఆస్పత్రిలో డాక్టరు, కిడ్నీలు సగం పోయాయమ్మా, ఉప్పు నాలిక్కి తగలకూడదని జీవరత్నమ్మకి చెప్పాడు. ఎండు చేప మానెయ్యమన్నాడు. ఆ జబ్బు ఆ చుట్టుపక్కల కొత్తది కాదు, ఎవరింటికెళ్లినా రక్తపరీక్ష కాగితాలు మంచం కింద పెట్టెలో ఉంటాయి. వంట మాత్రం ఆమె మానలేదు. వాసన చూసి, కూర ఉడికే చప్పుడు విని ఉప్పు వేస్తుంది. మొదట కూర్చున్నవాడు తిని చెబుతాడు. తక్కువైతే ‘సిటికెడు’ అంటాడు. ఎక్కువైందన్న మాట ఇంతవరకు ఎవరూ అనలేదు.

“ఏటేటి తియ్యాలో ఓపాలి సూపించండి మేడమ్,” అని బాబీ ఫోను అడిగాడు. సుహాసిని ఇచ్చేసింది. అతడు పెళ్లి మండపంలో చుట్టాలను పిలిచే గొంతుతో, షెడ్డంతా వినబడేలా చదవడం మొదలుపెట్టాడు. కట్టెల పొయ్యి అన్న మాట దగ్గర జనం నవ్వారు. నైటీ దగ్గర పెద్దమ్మే నవ్వింది. బొట్టు దగ్గరికొచ్చేసరికి జోగారావు, “అయితే రత్నమ్మప్పకే అన్నమాట పెళ్లి!” అన్నాడు. బాబీ అదే ఊపులో ఆరూ చదివి, ఆగకుండా ఏడోదీ చదివేశాడు.

“ఏడు, పెద్దమ్మకి నిజం సెప్పాల.”

పెద్దమ్మ పొయ్యి తగ్గించింది.

“సెప్పు మరి.”

సుహాసిని చెప్పింది. నిలబడే చెప్పింది, ఏదీ దాచలేదు. టిక్కు పెట్టిన సంగతీ చెప్పింది. తర్వాత గోడ మీది ఫొటో చూపించింది. జీవరత్నమ్మ ఫోను దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూసింది.

“ఈవిడెవులే?”

“నువ్వే పెద్దమ్మా.”

“నాను కాదు. నా పళ్లు, నా ముక్కు. మిగతాది ఇంకెవులో.”

జోగారావు నవ్వలేదిప్పుడు. “అదిసరే గానీ గుంటా, రుచి సూసి నవ్వమని రాసున్నాది. ఉప్పు తగిల్తే ఆవిడ కాళ్లు పొంగిపోతాయి, నీకు తెల్దేటి?”

“తెలుసు మావా.”

“తెలిసే పట్టుకొచ్చినావా?”

సుహాసిని అవునన్నట్టు తల ఊపింది. రైల్లో రాత్రంతా ఆ ఐదో పని చెరిపెయ్యాలనుకుంది. పై అధికారి రాసినది చెరపడం అలవాటు లేక అలాగే ఉంచింది. బడిలో మొదలైన అలవాటది. చెప్పినది చేస్తే మార్కులు వస్తాయి, మార్కులు వస్తే మనల్నీ మనుషుల్లో లెక్కేస్తారని అమ్మా పెద్దమ్మా ఆమెకు నేర్పినదే.

“మీ ఆయనకి ఫోన్ సెయ్యి,” అంది పెద్దమ్మ.

“మా సారు.”

“ఆయనకే. అందరికీ ఇనబడాల.”

తారకేశ్వరరావు గొంతు స్పీకరులో ఉత్సాహంగా పలికింది. “నమస్కారమండీ అన్నపూర్ణమ్మ గారూ!”

“ఆవిడెవులో నాకు తెల్దు బావూ. ఆవిడ కూర ఆవిడనే ఒండమను. నా పేరు జీవరత్నమ్మ.”

“అదేనమ్మా. అన్నపూర్ణమ్మ అంటే వినగానే వంటిల్లు గుర్తొస్తుంది. మీ పేరు అంటే కొంచెం...”

“కొంచెం ఏటి?”

“చర్చి గుర్తొస్తుందమ్మా.”

“వత్తే రానీ. ఆదివారం గుడికెల్తాను, సోమవారం కూరొండుతాను. రెండూ నానే.”

“బొట్టు సంగతి కోపం తెచ్చుకోకండి...”

“బొట్టంటే నాకేటి కోపం? నా దగ్గర సేపలు తోమే జగదాంబ రోజూ ఎట్టుకుంటాది, సక్కగా ఉంటాది. నా మొకం మీద నానెట్టుకోనిది నువ్వెలాగెట్టినావు? నువ్వు నిద్దర్లో ఉంటే నీకు గెడ్డం గీసీసొత్తే ఊరుకుంతావా?”

కంచాల దగ్గర నుంచి ఈలలు వేశారు. తారకేశ్వరరావు గొంతు మెత్తబడింది. “మీ చేతి వంట మీద గౌరవంతోనే అమ్మా ఇదంతా.”

“గౌరవమైతే పేరెట్టి పిలు. నేదా, ఆ గోడ మీద్నుంచి నన్ను దించీ.”

సుహాసిని ఫోను తీసుకుంది. “సార్, ఆ ఫొటో ఇచ్చింది నేను. అడక్కుండా ఇచ్చాను, తప్పు నాది. ఆ అనుమతి ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. కాగితం మీద రాసి కూడా ఇస్తాను. తీయించేయండి.”

“ఆదివారం ఆ హోటల్లోనే జాబితా విడుదల, సుహాసినీ. నువ్వింకా పర్మనెంటు కాలేదు. గుర్తుందా?”

“గుర్తుంది సార్.”

జీవరత్నమ్మ పొయ్యి మీది గుండిగ దించింది. సంతకం పెట్టాల్సిన కాగితం నాలుగు మడతలు పెట్టి బల్ల మీద వేసి, దాని మీద గుండిగ పెట్టింది. “మంచి కాగితమే. మందంగా ఉన్నాది.”

తర్వాత సుహాసినికి ముక్క ఎక్కువ వేసి కంచం పెట్టింది. “నీ మీద కోపం నేదనుకోకు. ఉన్నాది. తిను ముందు. ఆ ఊర్లో మన కూర ఎక్కడ దొరుకుతాదో ఎతకడమే గదా నీ పని? బైరాగి దగ్గరికెల్లినావా మరి?”

సుహాసిని తలొంచుకుంది. అక్కుపల్లి బైరాగి వేట మానేసి మూడేళ్లు పెద్దమ్మ దగ్గర పొయ్యి చూసినవాడు. ఏడాదిగా హైదరాబాదు శివార్లలో, అపార్టుమెంట్లు కట్టే మన వైపు కూలీలకి వండిపెడుతున్నాడని ఆమెకు తెలుసు. అది హోటలని ఆమెకు తోచలేదు. బోర్డు లేదు, ఏసీ లేదు. కంపెనీ ఫారం నింపాలంటే కుర్చీలు ఎన్నో రాయాలి, అక్కడ కుర్చీలే లేవు.

ఆదివారం ‘ఉద్దానం వంటిల్లు’లో పూలదండలు కట్టారు. సుహాసిని కాగితం రాసి తీసుకెళ్లి మేనేజరుకి ఇచ్చింది. అతడు చదివి, జేబులో పెట్టుకుని, తర్వాత చూద్దామన్నాడు. సరే, అందాకా ఇక్కడే ఉంటానని ఆమె ఆ ఫొటో కింద నిలబడింది. అరవలేదు, ఎవరినీ తిట్టలేదు. వచ్చిన ప్రతి వాళ్లకీ ఒకటే మాట చెప్పింది.

“ఈవిడ పేరు జీవరత్నమ్మ. మా పెద్దమ్మ. ఆ బొట్టు వీళ్లు పెట్టింది. ఇక్కడి కూర ఆవిడది కాదు. మీరు తినండి, తినొద్దని నేననను. ఆవిడ పేరు మాత్రం అది కాదు.”

కొందరు పాపం అన్నారు. ఒకావిడ పిల్లల్ని పక్కకి లాక్కుంది. తారకేశ్వరరావు వచ్చి దూరం నుంచి చూశాడు. ఏదో అనబోయి, తన నుదురు రుద్దుకుని వెళ్లిపోయాడు. సాయంత్రానికి రేపటి నుంచి ఆఫీసుకి రానక్కర్లేదని ఫోన్‌కి సందేశం వచ్చింది. ఆమె చదువుకుని ఫోను సంచిలో పెట్టి, అక్కడే నిలబడింది. మర్నాడూ వెళ్లింది. మూడో రోజు మధ్యాహ్నం ఇద్దరు నిచ్చెన తెచ్చి ఫొటో దించారు. ఆ చోట ఒక పడవ తెడ్డు తగిలించారు. మెనూలో ‘అన్నపూర్ణమ్మ నెత్తళ్లు’ అన్న పేరు అలాగే ఉంది. దాని మీద మన హక్కేం లేదు, ఆవిడెవరో ఎవరికీ తెలియదు కదా.

నిచ్చెన మోసుకుపోతుంటే ఆమె ఆ ఫొటో అడిగి తీసుకుంది. చుట్ట చుట్టి చంకలో పెట్టుకుని, రెండు బస్సులు మారి బైరాగి షెడ్డుకి వెళ్లింది. నీలం టార్పాలిన్ కింద ముప్పై మంది నేల మీద బారుగా కూర్చున్నారు. సోంపేట, కవిటి, వజ్రపుకొత్తూరు, అన్నీ మన మాటలే. కంచాల్లో అన్నం మీద కూర పడింది. ఎవరూ చెయ్యి పెట్టలేదు. మొదట కూర్చున్న ముసలాయన ముద్ద నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నాడు.

“సరిపోనాది.”

సుహాసిని అక్కడే కూలబడింది. “బైరాగి బావా, నీ కిడ్నీలకేం కాలేదుగా? నువ్వు రుచి చూడొచ్చుగా?”

బైరాగి గరిటె ఆపాడు. “అప్ప నోట ఎట్టుకోకుండా ఒండితే సరిపోతన్నాది. నాను రుచి సూత్తే, ఆవిడ కన్నా నాకెక్కువ తెల్సినట్టు గాదేటి?” అని, ఆమె చంకలోని చుట్ట చూశాడు. “అదేటి?”

“పెద్దమ్మ. కాకపోతే ఒక చోట గోకాలి.”

గోరుతో ఇద్దరూ గోకారు. బొట్టు కొంచెం పోయింది, కొంచెం అలాగే మచ్చగా మిగిలింది. అయినా టార్పాలిన్ గుంజకి కట్టేశారు. కింద సుహాసిని బొగ్గుతో పేరు రాసింది.

ఇప్పుడు ఆమె జాబితాలో ఉన్నది ఆ ఒక్క చోటే. వెతుక్కుని మీరు వెళ్తే బోర్డు కోసం చూడకండి, కుర్చీ అడగకండి. మొదట కూర్చున్నది మీరే అయితే ఆ ముద్ద మీ చేతికే వస్తుంది. ముప్పై మంది మీ వైపు చూస్తుంటారు. సరిపోయిందని చెప్పే ముందు, తాను వండిన కూర నాలుగేళ్లుగా నోట పెట్టని భావనపాడు జీవరత్నమ్మను ఒక్కసారి తలుచుకోండి. ఆ పేరుతోనే తలుచుకోండి.