సుబ్బరత్నం ముఖం పడ్డ ఫొటో

ఈ సంగతి నాకు మొదట చెప్పింది జాహెదా, ఫొటోల మౌలాలీ పెళ్ళాం. ఒక మాటకి ఇంకో మాట కలిపే మనిషి కాదు. అయినా నేను మిల్లుకి పోయి విచారించాకే నమ్మాను.

మాచర్ల నాపరాళ్ళ మిల్లులో సుబ్బరత్నం పని బండల అంచులు చెక్కడం. పొద్దున్నే సద్దన్నం తిని, తలకి గుడ్డ చుట్టి, సుత్తీ ఉలీ పట్టుకుని కూర్చునేది. ముప్పై ఏళ్ళుగా అంతే. మిల్లు పక్కనే రేకుల పాకలో కాపురం. ఆ పాక ఉన్న జాగాకి పట్టా ఇస్తామని కబురొచ్చింది. పట్టా మీద ఫొటో ఉండాలి. శనివారం సాయంత్రంతో గడువు. దాటితే జాగా ఇంకొకరి పేరు మీదికి పోతుంది.

ముందు ఫణీంద్ర స్టూడియోకి పోయింది. అతని కెమెరాకి మోచేతి పొడుగు లెన్సు, చుట్టూ గొడుగు లైట్లు. పదకొండు ఫొటోలు తీశాడు. పదిహేనంటారు కొందరు, పదకొండే. అన్నిట్లో చీర పడింది, తలగుడ్డ పడింది, ముక్కుపుడక గాల్లో వేలాడుతూ పడింది. ముఖం పడలేదు. రాతిదుమ్ములో ఏళ్ళ తరబడి ఉన్న ఆడోళ్ళకి అట్టా జరుగుతుంటుంది. ఆఫీసు గుమస్తా చూసి, ముఖం ఉన్నది పట్టుకురమ్మని పంపేశాడు. గుంటూరు నుంచి ఇంకా పెద్ద లెన్సు తెప్పిస్తా, వారం ఆగమన్నాడు ఫణీంద్ర. మర్నాడే శనివారం.

సంగతి తెలిసి ఆ శనివారం పొద్దున మౌలాలీ మిల్లుకొచ్చాడు. అతని కెమెరా మూత రబ్బరు బ్యాండుతో నిలబడుతుంది. కొత్తగా కోసిన తెల్లబండ ఒకటి తెచ్చి, ఎండ దాని మీద పడి ఆమె తలగుడ్డ కిందికి కొట్టేట్టు ఆనించాడు. నీ పని నువ్వు చేసుకో అని చెప్పి, ఎదురుగా గొంతుకూర్చుని కెమెరా కంటికి పెట్టుకున్నాడు. గంట దాటినా మీట నొక్కలేదు.

బండకి పగులుందో లేదో తెలియాలంటే సుత్తితో తట్టి చెవి పెట్టాలి. ఆమె అట్టా వింటున్నప్పుడల్లా కెమెరాలో ఒక కనుబొమ్మ వచ్చి పోతోంది. ఒకసారి దవడ కూడా వచ్చింది. మౌలాలీ కనిపెట్టాడు. లేచి, పెద్ద బండ ఒకటి ఆమె ముందుకి జరిపాడు.

"పిన్నీ, దీనికి పగులుందా?"

ఆమె తట్టింది. చానాసేపు వింది. తలెత్తి అతని కళ్ళలోకి చూసింది.

"రాయి గట్టిదే. పగులు నీ బుర్రకి. ఏందిరా గంట నుంచీ ఆ చూపు?"

ఒక్కసారే నొక్కాడు.

మౌలాలీకి ప్రింటు మిషను లేదు, ఫణీంద్ర దగ్గరే వేయించాడు. ముఖం మొత్తం పడింది, ముడతలతో సహా. సుబ్బరత్నం దాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూసింది. ఇంత కోపిష్టిదాన్నా అని నవ్వింది. నాలుగు గంటలకి గుమస్తా ఫొటో అంటించి ముద్ర వేశాడు. ఇప్పుడా జాగాలో గోడలు నడుము ఎత్తు లేచాయి.

ఫణీంద్ర మాత్రం ఆ ఫొటోనే తలుపంత చేయించి, స్టేషను రోడ్డున తన స్టూడియో అద్దంలో పెట్టాడు. కింద తన పేరు. కొత్త లెన్సు మహిమ అని వచ్చినోళ్ళకి చెప్పుకుంటున్నాడు. మౌలాలీ పోనీలే అంటాడు. నేను అనను. అటు పోయేవాళ్ళు ఎవరైనా సరే, లోపలికి పోయి ఆ పేరు తీయించి మౌలాలీ అని రాయించండి. రాసిందాకా అక్కడే నిలబడండి.