ఎడమ డోరు అద్దం

“ఇగ నేను దవాఖానకు రాను అల్లుడా” అంది చిలుకమ్మ, పికప్ బండి ఎక్కకుండా గడప మీదే కూర్చుని.

చంద్రమౌళి బండి తాళంచెవి పట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు. వారానికి రెండుసార్లు నర్సంపేట దాటి వరంగల్ తీసుకుపోయి అత్తకు డయాలసిస్ చేయిస్తున్నాడు. అది మానేస్తే ఆమె ఎన్నాళ్లో బతకదని ఇద్దరికీ తెలుసు. భార్య సుభాషిణి డెంగీ జ్వరంతో పోయి రెండేళ్లయింది. బిడ్డే పోయాక అల్లుడికి ఈ బాధ్యత ఎందుకన్నవాళ్లు ఊళ్లో లేకపోలేదు. ఊరి నోటికి మూకుడు ఎవడు పెట్టగలడు?

“ఏమైంది అత్తమ్మా? సూదులు నొస్తానయా?”

“సూదులకేమున్నది. బండ్ల కూసునుడే నాతోని అయితలేదు. ఊపిరాడ్తలేదు. మొన్న మర్లి వచ్చేటప్పుడు కండ్లకు చీకట్లు గమ్మినయ్. నీకు చెప్పలే.”

చంద్రమౌళి చూపు ఎడమ డోరు మీద పడింది. పైదాకా మూసుకుని బిగుసుకుపోయిన అద్దం. రోళ్లు పగిలే రోహిణి కార్తె, పత్తి మోసే ఏసీ లేని పాత బండి, ఎండంతా అటువైపే. మనిషన్నవాడికి ఈపాటికి తట్టాల్సిన సంగతే.

ఆ అద్దం సుభాషిణి ఉండగానే బిగుసుకుంది. హ్యాండిల్ కొంచెం తిరిగి ఆగిపోయేది. ఆమెకు గాలంటే ప్రాణం. చేపియ్యరాదూ అని ఆమె అడగని ప్రయాణం లేదు. పత్తి సీజన్ అయినంక చేపిస్తానని అతను అనని రోజు లేదు. చివరికి ఆమే నవ్వేసి, “దిగకపోతే దిగకపాయె, బొట్లు అంటిచ్చుకోను పనికొస్తది” అని, దారిలో మొహం కడిగినప్పుడల్లా నుదుటి స్టిక్కర్ బొట్టు తీసి ఆ గాజు మీద పెట్టడం మొదలుపెట్టింది.

ఆ మెరూన్ బొట్లు ఇంకా అక్కడే ఉన్నాయి. బండి కడిగినప్పుడు కూడా అటు గుడ్డ తగలనిచ్చేవాడు కాదు. అద్దం దించితే రబ్బరు వాటిని గీకేస్తుంది. అత్త బండి ఎక్కినప్పుడల్లా వాటిని చూసుకుంటూ కూర్చుంటుంది కదా, అవి పోతే ఆమె ప్రాణం ఉసూరుమంటుందని తనకు తాను సర్దిచెప్పుకునేవాడు.

“లే అత్తమ్మా. ముందు వరంగల్ కాశిబుగ్గల షెడ్డుకు పోయి అద్దం చేపిద్దాం. అటెంకనే దవాఖాన.”

“వద్దు. బొట్లు పోతయ్. నువ్వు ఓర్సుకోవు.”

చంద్రమౌళికి తల కొట్టేసినట్టయింది. ఆమె కోసమని తను దాస్తే, తన కోసమని ఆమె ఇన్నాళ్లూ ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది. చెయ్యి పట్టి లేపి బండి ఎక్కించాడు.

కాశిబుగ్గ షెడ్డు సారంగపాణిది; మగ్గం నేసే ఇంట్లో పుట్టి పానా పట్టిన మెకానిక్. చిలుకమ్మను షెడ్డు నీడలో కుర్చీలో కూర్చోబెట్టి, డోరు లోపలి అట్ట విప్పాడు. టార్చి వేసి చూసి, వంకర తీగతో అద్దం జారే గాడిలో కెలికాడు. నల్లటి ముద్ద ఒకటి ఊడి వచ్చింది. దాని వెనుక ఇంకోటి.

“తుప్పు గాదు తమ్మీ. పత్తి నూగు. ఉత్త నూగైతే దులిపితే పోతది. దీనికెవలో నూనె పట్టిచ్చిండ్రు. నూగుకు నూనె తాకిందంటే గిట్లనే గడ్డకడ్తది. ఒక్కపారి పోసింది గాదు ఇది.”

“నేనైతే పొయ్యలే అన్నా.”

చిలుకమ్మ చెయ్యి చాచింది. ఆ ముద్దను అందుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది.

“మెంతులేసి కాచిన కొబ్బరినూనె” అంది. “తలకు రాసుకునేది. కాచుడు నేనే నేర్పిన నా బిడ్డకు.”

చంద్రమౌళికి అర్థమైంది, ఆ నూనె సుభాషిణిదే. మొగుణ్ణి అడిగి అడిగి విసిగి, తలనూనె తెచ్చి తనే పోసుకుంది పిచ్చిది. అద్దం దిగుతుందనుకుంది. పోసిన కొద్దీ ఇంకా బిగుసుకుపోయింది. ఒక్క పూట బండి షెడ్డుకు తెచ్చి ఉంటే ఆమె తన చివరి ఎండాకాలమంతా గాలి పీల్చుకునేది. అతను అటు తిరిగి తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

“గాడి సాఫు చేసి కొత్త రబ్బరు ఏస్త” అన్నాడు సారంగపాణి మెల్లగా. “గని ఆ బొట్లు తియ్యాలె. లేకుంటే మల్ల ఇరుకుతది. ఏం జెయ్యమంటవ్?”

చంద్రమౌళి బొట్ల వైపు చూశాడు. చిలుకమ్మే అంది.

“బొట్లు ఊకెనే అంటిచ్చింది బిడ్డా. నూనె అద్దం దిగాలని కోరి పోసింది.”

ఇంకెవరినీ తియ్యనివ్వలేదు చంద్రమౌళి. గోటితో తనే గీకాడు. దాచుకుందామనుకున్నాడు గానీ, ఎండకు ఎండిపోయిన ఆ బొట్లు వేలు తగలగానే పొడిపొడిగా రాలిపోయాయి. ఇన్నాళ్లూ కాపలా కాసింది వీటికా అనిపించింది. మిగిలిన జిగురును సారంగపాణి పెట్రోలు గుడ్డతో తుడిచేశాడు.

దవాఖానలో ఆలస్యమైందని కసిరారు. ఇద్దరూ మాట పడ్డారు. తిరుగు ప్రయాణంలో నర్సంపేట రోడ్డెక్కాక చిలుకమ్మ హ్యాండిల్ మీద చెయ్యి వేసి మెల్లగా తిప్పింది. అద్దం చప్పుడు లేకుండా దిగిపోయింది. వడగాలే, అయినా గాలే. డోరులోంచి మెంతుల వాసన ఇంకా కొంచెం వస్తూనే ఉంది. ఆమె తల కిటికీకి ఆనించి కళ్లు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాడు.

“శుక్రారం దవాఖానకు జర జల్ది పోదాం అల్లుడా” అంది కళ్లు తెరవకుండానే. “ఎండ ముదరకముందే.”