వెంకమ్మ గొంతు

నకరికల్లులో ఎవరింట శవం లేచినా వెంకమ్మ శోకాలు పెట్టాల్సిందే. పోయినవాళ్ల గుణాలన్నీ వరసపెట్టి, రాగం తీసి ఏడ్చిందంటే, బతికుండగా వాళ్లతో మాటల్లేనివాళ్లు కూడా కళ్లు తుడుచుకునేవాళ్లు. అలాంటి మనిషి గొంతుకే వచ్చింది జబ్బు. ఒంటిని కాయాల్సిన రక్షణే కండరాల మీద తిరగబడిందన్నాడు గుంటూరు డాక్టరు. కంచే చేను మేసినట్టు. రెప్పలు వాలిపోతాయి, నాలుగు మాటలకే గొంతు పూడుకుపోతుంది.

మూడేళ్లు వాడిన మందు కాలేయానికి పడలేదని ఈమధ్యే మార్చాడు. "కొత్తది పనిచేయడానికి నాలుగైదు నెలలు పడుతుంది. అందాకా జనంలోకి వెళ్లొద్దు, ఏ జ్వరం అంటుకున్నా ప్రమాదం," అన్నాడు. జనమే వెంకమ్మ దగ్గరికి రావడం మానేశారని ఆయనకు తెలియదు. వచ్చేది పక్కింటి మహాలక్ష్మమ్మ ఒక్కతే. జావ కాచి తెచ్చి, మింగేదాకా కూర్చునేది.

"నేను ముందు పోతే నువ్వే ఏడవాలమ్మాయ్. మా కోడళ్లకి ఏడవటం చాతకాదు."

"నాకు గొంతేదక్కా?"

"వచ్చిద్దిలే."

మందు మార్చిన మూడో వారమే మహాలక్ష్మమ్మ గుండె ఆగి పోయింది.

వెంకమ్మ మూతికి గుడ్డ కట్టుకుని వెళ్లింది. అప్పటికప్పుడు బలమిచ్చే మాత్ర ఒకటుంది, దాని సత్తువ మూడు గంటలే. పదింటికి లేపుతారన్నారని తొమ్మిదింటికి వేసుకుని, ఉన్న గొంతంతా పాడె లేచే వేళకు దాచుకుంది. మాచర్ల నుంచి రావాల్సిన అల్లుడు ఒంటిగంటకు దిగాడు. పాడె లేచింది. "ఓ నా అక్కా" అన్నది పెదవి దాటలేదు. రెప్పలు వాలాయి.

"కునుకుతా ఉంది చూడు," అంది ఎదురింటి అలివేలమ్మ. ఆ మాట శవాన్ని చూసినదానికన్నా ఎక్కువ నొప్పి పెట్టింది.

ఆ తర్వాత జావ తానే కాచుకుని, గోడకానుకుని ఒక్కతే మింగేది. ఒక్క మాటా లేకుండా పొద్దుగూకిన రోజులు చాలా ఉన్నాయి.

ఐదో నెలలో ఒక పొద్దున బిందె జారి కాలిమీద పడితే "అమ్మా" అని అరిచింది. అరుపు వీధి చివరిదాకా వెళ్లింది. వెంకమ్మ కాలు సంగతి మరిచిపోయింది. గడప మీద కూర్చుని మొదలుపెట్టింది, మహాలక్ష్మమ్మ జావలో ఉప్పెంత వేసేదో అక్కడి నుంచి.

జనం పరుగెత్తుకొచ్చారు.

"ఎవరు పోయారే?" అంది అలివేలమ్మ.

"మా అక్క. మహాలక్ష్మమ్మ."

"ఆమె పోయి నాలుగు నెలలాయె. ఇయ్యాల శోకాలేందే?"

"నాకు గొంతు ఇయ్యాలే వచ్చింది," అని వెంకమ్మ మళ్లీ అందుకుంది.