మూడు మెట్ల కింద

లావు తీగ మరను ఇంకాస్త వదులు చేసి, బొటనవేలితో ఒకసారి మీటి, గిటారు పొట్టకు చెవి ఆనించాడు షౌకత్. కుదరలేదు. మళ్లీ తిప్పాడు. తీగ బద్ధకంగా మూలిగి కిందికి జారింది. ఇక మిగతా ఐదు తీగలనూ దీని వెంబడే ఒక్కొక్క మెట్టు దించాలి. ఇంతకు ముందే రెండు మెట్లు దిగి ఉన్నాయవి. ఇవాళ్టితో మూడు.

గిటారు మెడ మీద ఇత్తడి మెట్లు ఉంటాయి. ఒక్కో మెట్టు దగ్గర నొక్కితే స్వరం ఒక్కో అడుగు పైకి పోతుంది. తీగనే వదులు చేశామా, పాట మొత్తం కిందికి దిగుతుంది. పాడేవాళ్లకు పైకి ఎక్కే యాతన తప్పుతుంది. వినేవాళ్లకు తేడా తెలియదు. తెలియదని షౌకత్ నమ్మకం.

వంటింట్లోంచి భార్య హుసేన్ బీ తొంగి చూసింది. ఉర్దూలో మొదలుపెట్టి తెలుగులో ముగించడం ఆమె అలవాటు.

“క్యా హై జీ యే! బాయిల బొక్కెన లెక్క దించుతనే ఉన్నవ్. అడుగు ఎప్పుడు తగుల్తది?”

“నీకు తెల్వదు, ఊకో.”

“నాకు తెల్వకపోనీ. విమలమ్మకన్న తెల్సా?”

“ఆమెకు తెలిస్తే ఇంకేమున్నది!” అని విసుక్కుని రెండో తీగ పట్టుకున్నాడు.

యాభై ఎనిమిదేళ్ల మనిషి. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. గిటారు పట్టీ మోసీ మోసీ ఎడమ భుజం కుడిదానికంటే దిగిపోయింది. బోధన్‌లో మోటార్లకు తీగ చుట్టే దుకాణంలో పని. చుట్టుపక్కల చెరుకు పోయి వరి వచ్చినా బోరు మోటార్లు కాలిపోవడం మానలేదు గనుక ఆ పని ఆగలేదు. ఎంత కడిగినా గోళ్ల చుట్టూ వార్నిష్ మరకలు పోవు. పెళ్లి ఉన్న రోజు దుకాణానికి సెలవు చెప్పి, ఆర్కెస్ట్రా పార్టీవాళ్లు కుట్టించిన ఎర్రకోటు తొడుక్కుని గిటారు వాయిస్తాడు. జిల్లాలో ఎన్నో పెళ్లి ఆల్బముల్లో షౌకత్ ఉన్నాడు. అయితే అన్నింట్లోనూ సగం మొహమే. మిగతా సగం ఎప్పుడూ ఏదో స్పీకరు వెనకే ఉంటుంది. అందుకు అతనికి బాధ లేదు. ముందు నిలబడాల్సింది పాడే మనిషి.

పాడే మనిషి విమలమ్మ. బీడీలు చుట్టి బతుకుతుంది. భర్త పోయాక కొన్ని నెలలు ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత ఒక పెళ్లిలో పార్టీ పాత ఓనరు బలవంతం మీద మైకు పట్టుకుంది. దిగి వచ్చాక షౌకత్‌తో అన్నది: “మైకు పట్టుకుంటెనే నేను బతికున్నట్టు అనిపిస్తున్నది భాయి.” ఆ మాట షౌకత్ మరిచిపోలేదు. మరిచిపోయి ఉంటే బాగుండేది.

ఆరేళ్ల కింద వేల్పూర్‌లో ఒక పెళ్లి. విమలమ్మ పాట పైచరణానికి ఎక్కింది. అక్కడ గొంతు పగిలింది. ఆ ఉలికిపాటుకు షౌకత్ చేయి బిగుసుకుని సన్నతీగ తెగింది, వేలు కోసుకుంది. అతనికి గుర్తున్నది ఇదీ. అప్పుడే బగారన్నం గంగాళాలు రావడంతో పెళ్లివాళ్లెవరూ పట్టించుకోలేదు. షౌకత్‌కు మాత్రం గుండెలో రాయి పడింది. పొద్దస్తమానం పొగాకు దుమ్ములో కూచునే మనిషి, గొంతు ఎన్నాళ్లు ఉంటుంది? ఈ సంగతి ఓనరు చెవిన పడితే ఇంకో అమ్మాయిని తెచ్చుకుంటాడు. విమలమ్మ మళ్లీ మూగదైపోతుంది.

తర్వాతి పెళ్లికి ఒక మెట్టు దించాడు. అడిగినవాళ్లకు “నా వేళ్లు పట్టేస్తున్నయ్, తీగ వదులుంటె నొక్కుడు అల్క” అని చెప్పాడు. కీబోర్డు వాయించేవాడు ఒక మీట నొక్కి అతని దారికి వచ్చాడు. విమలమ్మ పాపం ఏమీ అనలేదు. కానీ వదులు తీగలు మెట్లకు తగిలి జరజరమంటాయి. అందుకని నిజామాబాద్ వెళ్లి లావు తీగలు కొనుక్కొచ్చాడు. లావు తీగలు నొక్కీ నొక్కీ వేళ్లు నిజంగానే నొప్పి పుట్టాయి. అబద్ధం ఆడినందుకు అల్లా వేసిన శిక్ష ఇదేనని సరిపెట్టుకున్నాడు. ఇంకొన్నాళ్లకు విమలమ్మ గొంతు మరీ మందగించినట్టు అనిపించి ఇంకో మెట్టు దించాడు. మొన్న ప్రాక్టీసులో ఆమె పాట మధ్యలో ఊపిరి తీసుకుంది. అందుకే ఇవాళ మూడోది.

మోస్రాలో పెళ్లి. సామాన్లన్నీ ట్రాలీ ఆటోలో వేసుకుని వర్ని మీదుగా వెళ్లారు. ఫంక్షన్ హాలు వేదిక మీద సామాను దించుతుంటే భానుప్రసాద్ ల్యాప్‌టాప్ తెరిచాడు. పాత ఓనరు కొడుకు. తండ్రి పోయాక పార్టీ అతని చేతికి వచ్చింది. కుర్రాడు చెడ్డవాడు కాదు, తొందరెక్కువ.

“అన్నా, ఇయ్యాల్టి సంది ట్రాకులే. కీబోర్డు, ప్యాడ్లు, అన్నీ ఇందులనే ఉన్నయ్. పెండ్లోళ్లు పాట అసలు స్కేల్లనే ఉండాలన్నరు. నువ్వు గిటారు పైకి గుంజుకో.”

షౌకత్ తల అడ్డంగా ఊపాడు. “నా వేళ్లతోని గాదు భానూ. తీగలు గూడ లావుయి, అంత గుంజితె తెగుతయ్. నీ ట్రాకే దించు.”

“దించితె సాగదీసినట్టుంటది అన్నా. జనం నిద్రపోతున్నరని ఇప్పటికే మనకు పేరొచ్చింది.”

“మరి నేనెట్ల వాయించాలె?”

భానుప్రసాద్ తల గోక్కున్నాడు. “గుంజకపోతె వైరు పెట్టుకోకు. ఊకె పట్టుకొని నిలవడు. ఫొటోలల్ల గిటారు కనవడాలె గద.”

ఇన్నేళ్లు వాయించిన మనిషితో అనదగ్గ మాటేనా అది! కోపంతో షౌకత్ చెవులు వేడెక్కాయి. అయినా తన సంగతి తర్వాత. ఇంకాసేపట్లో ఆ పిచ్చి మనిషి మైకు పట్టుకుని పైచరణానికి ఎక్కుతుంది. అక్కడ గొంతు పగులుతుంది. ఈసారి భాను పక్కనే ఉన్నాడు. అసలు కారణం అతనికి చెబితే విమలమ్మ పని అయిపోయినట్టే. చెప్పకపోయినా అంతే. ఎటూ కాకుండా ఇరుక్కుపోయాడు.

వేదిక వెనక ఆమె గాజులు సర్దుకుంటుంటే దగ్గరికి వెళ్లాడు. పచ్చ జరీ చీర, నుదుటిన పెద్ద బొట్టు, ఆకు కత్తిరించీ కత్తిరించీ కాయలు కాచిన వేళ్లు.

“విమలమ్మా, ఇయ్యాల గొంతు బాగలేదని భానుకు చెప్పరాదు? నెమ్మది పాటలు రెండు పాడి కూసో.”

“నా గొంతుకేమైంది?”

“ఏం గాలే. పైకి ఎక్కుడెందుకని.”

ఆమె అతని చేతుల వంక చూసింది. “నువ్వే కూసో భాయి. గా పోరడు నీ బాధ ఎరగడు. ఇయ్యాల వైరు లేదంట గద, మంచిగైంది. వేళ్లకు జర సుకం.”

ఈమెకు ఎలా చెప్పేది? అంతలో పిలుపు వచ్చింది.

ట్రాకు మొదలైంది. షౌకత్ వైరు లేని గిటారు తగిలించుకుని స్పీకరు పక్కన నిలబడ్డాడు. చేతులు అలవాటు కొద్దీ కదిలాయి. వదులు తీగలు అతనికి ఒక్కడికే వినపడేట్టు వేరే పాటలాగా ఏడ్చాయి. మొదటి చరణం గడిచింది. రెండోది పైచరణం. షౌకత్ కళ్లు మూసుకున్నాడు.

విమలమ్మ గొంతు పైకి వెళ్లింది. ఇంకా పైకి వెళ్లింది. అక్కడ ఆగి, హాయిగా, తనింటి వాకిట్లో నిలబడ్డట్టు నిలబడింది. పగలలేదు, వణకలేదు. పంక్తుల్లో తింటున్నవాళ్లు తలలెత్తారు. పిల్లలు వేదిక దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. పాట అయ్యాక హాలంతా చప్పట్లు. భానుప్రసాద్ ల్యాప్‌టాప్ వదిలేసి మరీ ఈల వేశాడు.

సంతోషించాల్సింది. షౌకత్‌కు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. తక్కిన పాటలన్నీ ఆ కోపంతోనే నిలబడి విన్నాడు. ఆమె ఒక్కదాంట్లోనూ తడబడలేదు.

పాటలన్నీ అయ్యాక, తమ భోజనాల వేళ వేదిక వెనక కుర్చీల్లో కూచున్నారిద్దరూ. అతను ఆగలేకపోయాడు.

“గొంతు ఎప్పుడు బాగైంది?”

“బాగయ్యేటందుకు ఎప్పుడు చెడిపోయింది?” విమలమ్మ నవ్వింది.

“వేల్పూర్ల పగిలింది గద, పైచరణం కాడ. గందుకే గద నా తీగ తెగింది.”

“ఏం మాట భాయి! నీ తీగ తెగి రక్తం కారవట్టె. గది సూసి నా పానం జల్లుమన్నది, గొంతు ఆగింది. ముందుగాల తెగింది నీ తీగనే.”

ఏది ముందు? ఆరేళ్లలో ఒక్కసారి కూడా ఈ అనుమానం రాలేదు. ఇప్పుడు గుర్తు చేసుకుంటే ఆమె కళ్లు కనపడ్డాయి. గొంతు పోయినవాళ్లు నేల చూపులు చూస్తారు. ఆ రోజు విమలమ్మ తన చేతినే చూస్తూ ఉంది. అవును, చేతినే.

“మరి తీగలు ఎందుకు దించిననుకున్నవ్?”

“వేళ్లు పట్టేస్తున్నయని నువ్వే చెప్తివి గద!”

“అబద్ధం చెప్పిన. నీ గొంతు పోయిందనుకొని దించిన.”

విమలమ్మ చేతిలోని ముద్ద పళ్లెంలోకి జారింది.

“ముప్కాల్ పెండ్లికి బతుకమ్మ పాటల రికార్డింగాయన వచ్చిన దినం గూడనా?”

షౌకత్ తల దించుకున్నాడు. ఆ రోజు అతనికి బాగా గుర్తు. గొంతు బరువుగా ఉంది, పైన మోగే గొంతు కావాలి అని చెప్పి ఆయన ఇంకో అమ్మాయిని తీసుకున్నాడు. దించి ఉండకపోతే అక్కడ ఇంకెంత పరువు పోయేదో అని షౌకత్ అప్పుడు తన భుజం తానే తట్టుకున్నాడు.

“ఆ దినం గూడ.”

“ఒక్క మెట్టు ఎక్కియ్యి భాయి అని నోటిదాంక వచ్చింది నాకు. నీ వేళ్లు సూసి మింగిన.”

“అడగాలె గద!” షౌకత్ అరిచాడు. గిన్నెలు సర్దుతున్నవాళ్లు తిరిగి చూశారు.

“నువ్వడగాలె.” ఆమె అరవలేదు. “నా గొంతు పోయిందని నువ్వొక్కనివే తీర్పు చెప్పుకుంటివి. నన్నొక్క మాట అడిగితె నీ నోటి ముత్యాలు రాల్తుండెనా?”

షౌకత్ పళ్లెం పక్కన పెట్టాడు. ఆమె కిందపడకుండా పట్టుకున్నాననుకుని, ఆరేళ్లు ఆమెను పైకి లేవనివ్వలేదు. పట్టుకున్న చేయి తనదే. ఎవరిని తిట్టాలి?

పెళ్లికొడుకు మేనత్త నిరోష అప్పుడే అటు వచ్చింది. నిజామాబాద్‌లో ఆడవాళ్ల పాటల బృందం నడుపుతుందట. సాయంత్రం అందరూ కలుస్తారనీ, తన కారులోనే వచ్చి ఒకసారి వినిపించమనీ విమలమ్మ చేతులు పట్టుకుని అడిగింది. విమలమ్మ సరేనంది. చేతులు కడుక్కుని వచ్చి, సంచీలో తువ్వాలు కోసం వెతుకుతూ లోపలివన్నీ కుర్చీ మీద పెట్టింది. మొహం తుడుచుకుని మళ్లీ సర్దుకుంది. వెళ్లబోతూ ఆగింది.

“అయితె నీ వేళ్లకు నొప్పి లేదా భాయి?”

చూపుడువేలు కణుపు దగ్గర అప్పటికే సలుపుతోంది. ఇవాళ వదులు తీగల్ని ఉత్తగా నొక్కినందుకు ఇంకొంచెం ఎక్కువగా.

“లేదు,” అన్నాడు షౌకత్. “ఎన్నడు లేదు.”

విమలమ్మ తలూపింది. పోయొస్తానని చెప్పలేదు. కారు హాలు గేటు దాటి వర్ని రోడ్డెక్కి, వరిపొలాల మధ్య చిన్నదై పోయింది.

భానుప్రసాద్ వైర్లు చుట్టుకుంటూ పక్కకు వచ్చాడు. గొంతు తగ్గించి మర్యాదగానే చెప్పాడు. “అన్నా, ఇగ ట్రాకులతోనే ఎల్తది. నువ్వు రెస్ట్ తీసుకో. వేళ్లు గూడ బాగలెవ్వు గద.”

షౌకత్ సరే అన్నాడు. ఇంకేమనగలడు? ఎర్రకోటు విప్పి మడత పెట్టి అతని చేతికిచ్చాడు. కాసేపు కూచుందామని వెనక్కి వచ్చాడు. విమలమ్మ కూచున్న కుర్చీ మీద ఏదో కాగితం పొట్లం ఉంది. మరిచిపోయిందో, వదిలేసిపోయిందో. విప్పి చూశాడు. కీళ్ల నొప్పుల నూనె సీసా, కొత్తది, మూత మీద సీలు కూడా తీయలేదు.